ఇరవై ఎనిమిదో బ్యాండు మామయ్య

మా మామయ్యకి ఎవరైనా కొత్త ఫోను చూపిస్తే ఎంతకి కొన్నావని అడగడు, ఫొటోలు బాగా వస్తాయా అని అసలే అడగడు. దాన్ని ఇటూ అటూ తిప్పి, పుచ్చకాయని తట్టినట్టు వెనకాల తట్టి, "ఏ బ్యాండు?" అంటాడు. అందుకే చుట్టాలందరికీ ఆయన బ్యాండు మామయ్య. వరసకి మామయ్య కానివాళ్ళకి కూడా అంతే.

ఆయనకో గడియారాల దుకాణం ఉంది. గోడనిండా గడియారాలు తలో టైమూ చూపిస్తుంటే ఆయనకి చీమ కుట్టినట్టయినా ఉండదు. కొనడానికి వచ్చినవాడి జేబులో ఫోను మోగిందా, ఇక గడియారం సంగతి గాలికే.

"అన్‌లాక్‌దా బాబూ?"

"అవునండీ. ఏ కంపెనీ సిమ్ అయినా పడుతుంది."

"సిమ్ పడుతుంది సరే. సిగ్నలు పడుతుందా?"

ఆ మనిషి గడియారం కొనకుండా, ఉన్న ఫోను మీద కూడా అనుమానం పెంచుకుని వెళ్ళిపోయేవాడు.

మామయ్య వాదన చిన్నదే. ఒక్కో నెట్‌వర్కు టవర్లు కొన్ని బ్యాండ్లలోనే మాట్లాడతాయి. ఒక్కో బ్యాండుకీ ఒక నంబరు. ఆ బ్యాండు వినగలిగే చెవి ఫోనులో ఉండాలి. వేరే దేశం కోసం తయారైన ఫోనులో మనకి కావలసిన చెవి ఒకటి తక్కువ పడొచ్చు. అన్‌లాక్ చేస్తే కంపెనీ వేసిన తాళం పోతుంది గానీ, లేని చెవి మొలవదు. అన్నిట్లోకీ ఆయనకి ఇరవై ఎనిమిదో బ్యాండంటే ప్రాణం. మందపాటి గోడల్ని కూడా దాటుకుని ఇంట్లో మారుమూల గదిదాకా వస్తుందని, బుద్ధిమంతుడైన అల్లుడి గురించి చెప్పినట్టు చెప్పేవాడు.

ఇదంతా విని ఒకసారి మా అమ్మమ్మ హడలిపోయింది. "తాళం తీసేసిన ఫోను ఇంట్లో పెట్టుకుంటారట్రా? దొంగలెత్తుకుపోరూ?" అంది.

"అది ఆ తాళం కాదమ్మా."

"ఏ తాళమైతేనేం, వేసుకుని పడుకోండి."

ఇంకో అలవాటు కూడా ఉంది ఆయనకి. ఎవరి నంబరు దొరికినా వేళకాని వేళ ఫోను చేసి, "వినపడుతోందా?" అంటాడు. వినపడుతోందంటే చాలు, ఠక్కున పెట్టేస్తాడు. కుశలప్రశ్నలు ఉండవు. మా నాన్న గడ్డం సబ్బుతో పరిగెత్తి ఎన్నిసార్లు తిట్టుకున్నాడో!

ఇలాంటి మనిషి ఒకే ఒక్క ఫోనును మెచ్చుకోవడం నేను కళ్ళారా చూశాను. అది మా పిన్నిది.

పిన్ని అంటే మామయ్య చెల్లెలు. బట్టలు కుడుతుంది. ఒక కన్ను ఎప్పుడో మసకబారిపోయింది. రెండోది కూడా అదే దారి పట్టేసరికి, సూదిలో దారం ఎక్కించడానికి పక్కింటివాళ్ళని పిలవాల్సిన పరిస్థితి వచ్చింది. కంటి ఆసుపత్రిలో పేరు రాయించుకున్నారు. ఎవరైనా దానం చేసిన కన్ను రాగానే ఫోను చేస్తారు, వెంటనే బయలుదేరి రావాలి. ఫోను అందకపోతే వరసలో తర్వాతివాళ్ళకి వెళ్ళిపోతుంది. ఎదురుచూపంతా ఆ ఒక్క ఫోను కోసమే.

అందుకని మా బాబాయి వేరే దేశం నుంచి వస్తున్న స్నేహితుడి చేత పెద్ద తెర ఉన్న ఫోను తెప్పించాడు. "అక్షరాలు ఇంతింత లావు! మసక కంటికి కూడా ఆనతాయి. అన్‌లాక్‌ది కూడాను!" అంటూ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చూపించాడు. పిన్ని దాన్ని చెంపకి ఆనించుకుని మురిసిపోతోంది.

మామయ్య దాన్ని తిప్పాడు, తట్టాడు. "ఏ బ్యా..." అని ఆగిపోయాడు. బాబాయి మొహం చూశాడు, పిన్ని మొహం చూశాడు. "చాలా బాగుంది బావగారూ," అన్నాడు.

మేమంతా ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఆయనకి ఒంట్లో బాగాలేదేమోనని అమ్మ నుదుటిమీద చెయ్యి కూడా వేసి చూసింది.

"వంటింటి కిటికీలో పెట్టుకో చెల్లీ. అక్కడ గాలి బాగా తగులుతుంది," అన్నాడు వెళ్తూ వెళ్తూ. ఫోనుకి గాలేమిటని ఎవరూ అడగలేదు. ఆయన మాటల్లో అది మామూలే.

ఆ తర్వాత కొన్నాళ్ళకి మా అక్క పెళ్ళయింది. ఒక పెద్ద భవనం అడుగున, నేలమాళిగలాంటి హాల్లో. పిన్ని ఫోను ఒళ్ళో పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. మామయ్య మాత్రం ఎవరెంత పిలిచినా మెట్లు దిగలేదు. తన పాత లావుపాటి ఫోను చేత్తో పట్టుకుని వాకిట్లోనే నిలబడ్డాడు. మేనకోడలి పెళ్ళిలో ఇదేం చోద్యమని అమ్మ చిర్రుబుర్రులాడింది.

ఇంతలో పెళ్ళికొడుకు తండ్రి కంగారుగా వచ్చి, "బ్యాండు సంగతి ఎవరు చూస్తున్నారండీ?" అని అడిగాడు. ఆయన అడిగింది బాజాల బ్యాండు గురించి. మా పెదనాన్న వడ్డన హడావిడిలో తల తిప్పకుండానే, "బ్యాండా? అదిగో, మెట్ల పైన వాకిట్లో నిలబడ్డాడే, ఆయనే!" అన్నాడు.

ఆయన మెట్లెక్కి మామయ్య దగ్గరికి వెళ్ళాడు. వెనకాలే నేను.

"ఏమండీ, బ్యాండు వస్తోందా?"

"ఇక్కడిదాకా బ్రహ్మాండంగా వస్తోందండీ. లోపలికే రావడం లేదు."

"అదేమిటి? లోపలికెందుకు రాదు?"

"గోడలు మందం కదండీ. గుమ్మం దగ్గర ఆగిపోతోంది."

"ఆగిపోవడమేమిటండీ! గట్టిగా చెప్పి పిలవండి!"

"చెబితే వినే రకం కాదండీ అది. ఇరవై ఎనిమిదైతే కొంచెం మెరుగు."

"ఇరవై ఎనిమిదా! మేం పన్నెండు చాలన్నాం కదండీ!"

మామయ్య ఆయన వైపు జాలిగా చూశాడు. "పన్నెండు మన దగ్గర పనిచెయ్యదండీ."

వియ్యంకుడుగారు గోడ పట్టుకున్నారు. సరిగ్గా అప్పుడే మామయ్య ఫోను మోగింది. "ఆఁ... ఆఁ... వస్తున్నామమ్మా, ఇదిగో, వచ్చేస్తున్నాం!" అని, మెట్లు రెండేసి దూకుతూ హాల్లోకి పరిగెత్తాడు.

"వచ్చింది! వచ్చింది!"

"హమ్మయ్య! ఎంతమంది?" అన్నాడు వెనకాలే పరిగెత్తుతూ వియ్యంకుడు.

"మంది కాదండీ, కన్ను!"

విషయం తెలిశాక ఆ పెద్దమనిషి ఒక్క క్షణం ఆలోచించలేదు. పూలతో అలంకరించిన పెళ్ళికారు తాళాలు తీసి బాబాయి చేతిలో పెట్టాడు. మేం పిన్నిని ఎక్కిస్తుండగా అసలు బ్యాండు రానే వచ్చింది. పూలకారు చూసి, ఎక్కుతున్నది పెళ్ళికూతురే అనుకుని, బూరలన్నీ ఒక్కసారి ఎత్తుకున్నారు. మా పిన్ని అలా బాజాభజంత్రీలతో ఆపరేషనుకి వెళ్ళింది.

ఆసుపత్రి బల్ల దగ్గరి అమ్మాయి, "మొదటి నంబరుకి ఎంత చేసినా అందలేదండీ. రెండోదానికి చేశాం," అంది. బాబాయి బిక్కమొహం వేసుకుని చేతిలోని పెద్ద ఫోను వైపు చూశాడు.

"ఆ హాల్లో ఎవరి ఫోనూ పలకదు బావగారూ. గోడలు అలాంటివి," అన్నాడు మామయ్య.

పిన్నిని లోపలికి తీసుకెళ్ళాక నేను ఆయన్ని పక్కకి లాగాను. "ఆ ఫోనులో ఇరవై ఎనిమిదో బ్యాండు లేదు కదూ?"

"నెమ్మదిగా! మీ బాబాయి వింటాడు," అన్నాడు. "అది లేకపోతే ఆ ఇంట్లో వంటింటి కిటికీ తప్ప ఎక్కడా సిగ్నలుండదు. కానీ మీ పిన్ని ఎలా మురిసిపోయిందో చూశావుగా. నా నంబరు ఒకటి ఆసుపత్రిలో ఇస్తే సరిపోయేదానికి, వాళ్ళ సంబరం పాడుచెయ్యడం ఎందుకు?"

అప్పుడు నాకు ఒక్కొక్కటే తట్టింది. ఈమధ్య ఆయన సినిమాకి రాకపోవడం, లిఫ్టు ఎక్కకుండా మెట్లెక్కి ఆయాసపడటం, స్నానానికి కూడా ఫోను పట్టుకెళ్ళడం. మేం ప్రతిదానికీ నవ్వాం. నాకు ఆయన మీద చెప్పలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది.

ఇంతలో బల్ల దగ్గరి అమ్మాయి మళ్ళీ పిలిచింది. "ఏమండీ, మీ నంబరే మా దగ్గర ఇంకా కొందరు ఆడవాళ్ళకి కూడా ఉంది. అందరూ మీ చెల్లెళ్ళేనా?"

మామయ్య దొంగలా దొరికిపోయి చెవి గోక్కున్నాడు. "దుకాణానికి వస్తుంటారమ్మా. ఫోన్లు సరిగ్గా అందవు పాపం. చెల్లెళ్ళే అనుకో."

కట్లు విప్పాక పిన్ని చూపు రోజురోజుకీ తేటపడింది. ఒకరోజు నేను వెళ్ళేసరికి మిషను ముందు కూర్చుని, ఎవరినీ పిలవకుండా తనే సూదిలో దారం ఎక్కించుకుంటోంది. వంటింటి కిటికీలో ఫోను మోగింది. లేచి వెళ్ళి ఎత్తింది.

"వినపడుతోందా?"

పిన్ని కిటికీలోంచి బయటికి చూసింది. వీధి చివర, చెవికి లావుపాటి ఫోను ఆనించుకుని ఆయన నిలబడి ఉన్నాడు.

"కనపడుతోంది అన్నయ్యా," అంది. "చొక్కా తిరగేసి వేసుకున్నావు."