బూట్లు విప్పిన దొర

మొన్న టీవీలో, ఆట మానేసి ఏళ్ళు గడిచిన ఇటలీ ఫుట్‌బాల్ ఆటగాడొకాయన్ను చూడటానికి జనం ఒకరి మీదొకరు పడుతుంటే, ఇంట్లో అందరూ ఆయనకింకా ఇంత పేరా అని ముచ్చటపడ్డారుగానీ, నేను మాత్రం చూడలేక లేచి లోపలికి వెళ్ళిపోయాను. అభిమానమంటే నాకు మా ఊరు జమ్మలమడుగు గుర్తుకొస్తుంది మరి.

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులవి. మా ఊరి మిషన్ బడికి ఇటలీ దొర ఒకాయన వచ్చాడు. వాళ్ళ దేశంలో పేరు మోసిన ఆటగాడేనట, చీలమండ విరిగి ఆట మానేశాడట. పెన్న ఒడ్డున మేకలు మేసే బయలులో కట్టెలు పాతి, కుంటుతూనే మా చిన్నాన్న ఈడువాళ్ళకు బంతాట నేర్పాడు. గట్టి బూట్ల పట్టుతోనే నడిచేవాడు కాబట్టి, అవి లేకుండా ఆయన్ను చూసినవాళ్ళు లేరు. ప్రొద్దుటూరు, పులివెందుల జట్లు ఆటకొచ్చినా ముందు దొరను చూసుకుని మురిసేవి. గోలు కాయడం నేర్పినందుకు మా చిన్నాన్నకైతే ఆయన తండ్రి తర్వాత తండ్రి.

దొర తన దేశానికి బయలుదేరిన కొన్నాళ్ళకు, ఓడలోనే జ్వరమొచ్చి పోయాడని ఎవరో ప్రొద్దుటూరు నుంచి కబురు మోసుకొచ్చారు. వీరుడు పోతే రాయి నిలపడం మా సీమలో ఆనవాయితీ కదా, చిన్నాన్న ఏడ్చుకుంటూ గోలు పక్కనే ఒక రాయి పాతించాడు. దానికి నీళ్ళు పోసి, పసుపు పూసి, టెంకాయ కొట్టనిదే ఏ జట్టూ బంతి ముట్టేది కాదు. దొర ఉన్నప్పటికన్నా పోయాడన్నాకే ఆయన పేరు పెద్దదయింది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఒక వేసవి మిట్టమధ్యాహ్నం, పులివెందుల జట్టుతో ఆటకని చిన్నాన్న టెంకాయ కొట్టి తలెత్తేసరికి రాయికి అవతల దొర నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు, జుట్టు నెరిసింది. అంత ఎండలో ఒక్క మనిషీ కదల్లేదు. చిన్నాన్న ఒక్క అడుగు ముందుకు వేశాడు.

"కాళ్ళు సూడురా నాయనా, ముందు కాళ్ళు సూడు" అంది, పసుపు తెచ్చిన మా అవ్వ. దయ్యాల పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని మాకు ఉగ్గుపాలతో నేర్పింది ఆవిడే.

దొర రాయిని చూశాడు, పసుపును చూశాడు. మా మర్యాదలన్నీ ఎరిగినవాడు గనక, పూజ జరిగిన చోట బూట్లతో నిలవకూడదని వంగి విప్పాడు. బూటు పట్టు వదలగానే, విరిగి అతుక్కున్న కుడిపాదం పక్కకు తిరిగిపోయి, భయంతో చూస్తున్న మాకు వేళ్ళు వెనక్కి చూస్తున్నట్టే కనిపించాయి.

బయలంతా ఖాళీ అయిపోయింది. చిన్నాన్న, పక్కనే ఉన్న ఐదారేళ్ళదాన్ని నన్ను చంకనేసుకుని పరుగెత్తాడు. ఆ చంకలోంచి వెనక్కి చూస్తే దొర చేయి చాపి, వచ్చీరాని మా మాటలోనే "నీళ్ళియ్యప్పా, శానా దప్పికైతాంది" అంటున్నాడు. రాయికి పోయగా మిగిలిన చెంబు ఆయన పక్కనే ఉంది. పూజ చెంబని కాబోలు, ముట్టలేదు.

మర్నాడు బడి పంతులొచ్చి, దొర నిక్షేపంగా బతికే ఉన్నాడనీ, చిన్నాన్నను చూడాలనే అంత దూరం వచ్చాడనీ, పొద్దున్నే వెళ్ళిపోయాడనీ చెప్పాడు. చిన్నాన్న ప్రొద్దుటూరు దాకా బస్సులో పోయి వెతికినా కనిపించలేదు.

"రాయికి పోస్తిమి, మనిషికియ్యక పోతిమి కదమ్మా" అని అవ్వతో ఒకసారి అన్నాడు, అంతే. మళ్ళీ బంతి ముట్టలేదు. నిలిపిన రాయిని పెరకకూడదంటారని దాన్ని ఎవరూ పెరకలేదు.

ఇప్పుడక్కడ క్రికెట్ ఆడుతున్నారు. దొర ఎవరో, ఆ బంతాట సంగతేమిటో తెలిసినవాళ్ళు మా ఈడులోనే ఒకరిద్దరు మిగిలాం. రాయిని మాత్రం ఏదో స్వామి అనుకుని ఆటకు ముందు ఇప్పటికీ నీళ్ళు పోస్తారు. పోయినేడు వెళ్ళినప్పుడు మనసాగక, బిందె ఎత్తిన పిల్లలతో, ఆ నీళ్ళు కొంచెం ఇవతల, దొర నిలబడ్డ చోట పోయమన్నాను.

"ఈడెవరుండారవ్వా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వాళ్ళు నా కాళ్ళ వైపు చూశారు.