తమలపాకు వేసిన నెయ్యి

హైటెక్ సిటీలో అప్పుడే మొదటి అద్దాల భవనం లేచిన రోజులు. నెయ్యి నిల్వలో ఎందుకు చెడిపోతుందన్నది నా పరిశోధన. మూడు రకాల పొడులు కలిపి చూసినా చెడకుండా ఆగలేదు. నాలుగోసారి కూడా చెడితే మానేద్దామనుకుంటూ, పరీక్షకని నెయ్యి సీసా ఒళ్లో పెట్టుకుని బస్సులో వెళ్తున్నాను.

పుప్పాలగూడలో ఖాళీ పాలక్యానుతో ఎక్కిన పెద్దామె నా పక్కన కూర్చుంది. సీసా మూత తీయించి, ఒక్క చుక్క ముంజేతి మీద రుద్దుకుని వాసన చూసింది.

“ఖరాబైంది బిడ్డ. కాచేటప్పుడు తమలపాకు ఎయ్యలేదా?”

ల్యాబులో మధ్యాహ్నం దాకా పట్టే పరీక్ష అది. ఆకు వెయ్యలేదన్నాను. తను నమలడానికి కొంగున ముడేసుకున్న ఆకుల్లోంచి ఒకటి తీసి నా చేతిలో పెట్టింది.

“నురగ తగ్గినంక ఇది ఎయ్యి. ఇగ ఫికర్ చెయ్యకు.”

గచ్చిబౌలిలో దిగిపోయింది. పేరు అడగనే లేదు.

ఆ సాయంత్రమే ఆకు వేసి వెన్న కాచాను. నెలలు గడిచినా ఆ సీసా ఒక్కటే కమ్మగా ఉంది. ఆకు వేశానని చెబితే మా గైడు గారు రెండుసార్లు వాసన చూశారు.

“ఈ ఆకు సంగతి ఎక్కడ చదివావమ్మా?”

“బస్సులో సార్,” అన్నాను.