పెంచలమ్మ ఇంజనుకు పెట్టిన మాగ్నెట్ వాల్వులు

2022 ఎండాకాలం. ఆత్మకూరు బస్టాండు వెనక నా షెడ్డుకు దుత్తలూరు నుంచి పెంచలమ్మ పెట్రోలు ఇంజను తెచ్చింది. కౌలు చేలో టమోటా పూత మీద ఉంది. కుంట నీళ్లు తోడేది ఆ ఇంజనే, తాడు లాగి స్టార్ట్ చేసేది ఆమే.

విప్పితే కామ్‌షాఫ్ట్ అరిగిపోయి ఉంది. వాల్వులను వేళకు తెరిపించే కడ్డీ అది. కొత్తది నెల్లూరు నుంచి రావాలంటే నాలుగు రోజులు.

నాకేమో అప్పటికే పిచ్చి పట్టి ఉంది. కామ్‌షాఫ్ట్ లేకుండా కరెంటు మాగ్నెట్లతో వాల్వులు తెరిచే ఇంజన్ల వీడియోలు ఫోనులో చూసి చూసి, రెండు సోలనాయిడ్లు తెప్పించి పెట్టుకున్నాను. కరెంటు ఇస్తే కడ్డీని తోసే తీగచుట్టలవి. ఎవరి ఇంజను దొరుకుతుందా అని కాచుకుని ఉన్నాను.

"రేపే తీసుకుపో అక్కా. కొత్త రకం పెడతా," అన్నాను.

షెడ్డులో ఇంజను బ్రహ్మాండంగా తిరిగింది. పక్క షాపులవాళ్లు వచ్చి ఫోన్లలో వీడియో తీసుకున్నారు. నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. పంపు తగిలించి లోడు మీద ఒక్క గంటైనా తిప్పి చూడలేదు, దరిద్రుణ్ణి.

తీసుకుపోయిన రెండో రోజు పొద్దున్నే ఆమె ఆటోలో తిరిగి తెచ్చింది. ఆమె ముందే విప్పాను. వాల్వు వంగింది, పిస్టను పగిలింది. స్పీడు పెరిగేసరికి సోలనాయిడ్ అందుకోలేక, వాల్వు మూసుకునేలోపే పిస్టను వచ్చి గుద్దింది. చూడగానే నాకు అర్థమైంది.

కానీ మా మెకానిక్కులకు ఒక పాడు అలవాటుంది. తిరిగొచ్చిన ఇంజను తప్పు ముందు తెచ్చినవాళ్ల మీదే పెడతాం.

"ఏందక్కా, రేసు ఎక్కువ ఇచ్చినావా?"

ఆమె మొహం పాలిపోయింది. "నీళ్లు బిరబిరా వస్తాయని కొంచెం ఇచ్చినా నాయనా. నా చేతులు పడిపోను!"

నేను వంగిన వాల్వు ఊడదీసే పనిలో పడ్డాను. పాత పద్ధతిలోనే బాగు చేసి ఇచ్చేసరికి వారం పట్టింది. ఆలోపు పూతంతా రాలిపోయింది.

పోయిన నెల ఉదయగిరి బస్టాండులో కనిపించింది. ఇంజను ఎట్టుండాదని అడిగాను.

"బాగుండాది. నేను ముట్టుకోనులే నాయనా. మా మరిది వచ్చి తిప్పితేనే నీళ్లు. ఆయన రాని రోజు చేను ఎండాల్సిందే. తెలీక ఒకసారి చెడగొట్టినా గదా."

సిగ్గుతో చచ్చిపోయాను. విప్పినప్పుడు కంటికి కనిపించింది కనిపించినట్టు చెప్పడమే ఈ పనిలో మొదటి పని అని నాకు అక్కడ తెలిసొచ్చింది. ఇన్నేళ్లు పట్టింది. చెప్పాల్సిన మనిషి ఎదురుగానే నిలబడి ఉంది.

"ముట్టుకోకుండా మంచిపని చేసినావక్కా," అని తలూపి బస్సెక్కాను.