ఉప్పల్‌లో జామచెట్టుకు మందు అడగబోయి

చెల్లీ రాజమణీ, తప్పులుంటే మన్నించు. నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని, నా రాత కోడి గీకినట్టు ఉంటుందని నీకు తెలుసు. లాలాపేట్‌లో మీ జామకాయలకూ పురుగు పట్టిందని, ఉప్పల్ వెళ్లి మందు తెస్తానని కబురు పంపావు. అందుకే నేను వెళ్లొచ్చిన సంగతి రాస్తున్నాను. దారి తెలియాలని కొంత, నాకు జరిగింది నీకు జరగకూడదని కొంత.

నాచారంలో ఈ ఇల్లు కట్టినప్పుడు అత్తమ్మ తన చేత్తో నాటిన చెట్టు అది. రెండు నెలల కింద చర్చిలో కోత పండుగకు నాతో బుట్టెడు కాయలు కోయించి కానుకగా తెచ్చింది. కానుకల వేలంలో పాస్టరమ్మ వాటిని పాడుకుని, అందరికీ పంచుదామని అక్కడే కోసింది. లోపల తెల్లటి పురుగులు కదిలాయి. అందరూ మమ్మల్ని ఒకసారి చూసి తలలు తిప్పుకున్నారు. ఇంటికొచ్చాక అత్తమ్మ, "దేవుని ముందట నా ఇజ్జత్ తీసింది. ఆదివారం కొట్టిస్త ఆ చెట్టును" అంది. ఆ కాయలు కోసిన నాతోనూ మాట్లాడటం మానేసింది.

ఆ శనివారం పొద్దున కూరగాయలకని చెప్పి, పురుగు కాయ ఒకటి సంచిలో వేసుకుని బయలుదేరాను. నాచారంలో బస్సెక్కి హబ్సిగూడ చౌరస్తాలో దిగి, వరంగల్ రోడ్డు మీద పోయే బస్సు ఎక్కాలి. రెండు టికెట్లకూ కలిపి రెండు రూపాయలు కూడా కాలేదు. ఎక్కడ దిగాలో కండక్టరును అడగడానికి సిగ్గేసి ఒక స్టాపు ముందే దిగి ఎండలో నడిచాను. నువ్వు అడుగు. ఉప్పల్ మార్కెట్ దారిలో విత్తనాలు, ఎరువులు అమ్మే కొట్టుంది. పదింటికి అక్కడ రద్దీ తక్కువ.

కాయ బయటికి తీయడానికి చేతులు రాలేదు. తల వంచుకుని, "పురుగుల మందు కావాలె" అన్నాను.

"ఏ పంటకు బిడ్డ?" అన్నాడు కొట్టు పెద్దాయన.

"పంట లేదు."

"పొలమేడుంది?"

"పొలం లేదు."

అందుకోబోయిన డబ్బాను ఆయన వెనక్కి నెట్టాడు. "ఇంట్ల ఏమన్న లొల్లి అయిందా?" అని మెల్లగా అడిగాడు. అత్తమ్మ మౌనం గుర్తొచ్చి కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. ఆయన లోపలికి తిరిగి, "ఏమే, జర ఇటు రా" అని భార్యను పిలిచాడు. ఆమె నన్ను కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. "ఏం కష్టమొచ్చినా గిట్ల జేస్తరా బిడ్డ? నిండు పానం గాదు?"

అప్పుడు అర్థమైంది. గబగబా కాయ తీసి విరిచి చూపించాను. బస్తాలు మోసే అతను నవ్వాడు. "మందు తాగేది ఈమె గాదు పటేలా, ఆ పురుగులు."

అందరూ నవ్వారు. పెద్దాయన మాత్రం ఓపికగా చెప్పాడు. ఈగ కాయను కుట్టి లోపల గుడ్లు పెడుతుందట. మనం పైన కొట్టే మందు లోపలి పురుగును చేరదట. "రాలిన కాయలేం జేస్తున్నవ్?" అని అడిగాడు. ఎరువవుతాయని చెట్టు మొదట్లోనే కుప్ప వేస్తున్నానన్నాను. "ఈగలను సాదుతున్నవ్ బిడ్డ" అన్నాడు. పురుగు ఆ మట్టిలోకి దిగి మళ్లీ ఈగై లేస్తుందట. రాలినవి ఏ రోజుకారోజు ఏరి లోతుగా పూడ్చాలి, చెట్టు కింద మట్టి తిరగెయ్యాలి, కాయ నిమ్మకాయంత కాగానే కాగితం సంచి కట్టాలి. మందు కొనాల్సిన పనే లేదు.

కానీ పెద్దాయన భార్యకు నా మీద నమ్మకం కుదరలేదు. "పండు సరే, కండ్లెందుకు ఎర్రగున్నయ్?" అంటూ వద్దన్నా బస్సెక్కి మా ఇంటిదాకా వచ్చింది. గేటు దగ్గర అత్తమ్మతో, "పురుగుల మందుకొచ్చింది మీ కోడలు. చెట్టుకే అంటుంది. జర మంచిగ సూస్కోండ్రి" అని చెప్పి వెళ్లిపోయింది. నేను భూమిలోకి కుంగిపోయాను.

మధ్యాహ్నం అత్తమ్మ నా కంచంలో ఇంకో గరిటె కూర వేసి, "చెట్టును కొట్టుడెందుకు తియ్యి" అంది. ఆదివారం చర్చి నుంచి రాగానే ఇద్దరం పాత పేపర్లతో సంచులు చేసి నిమ్మకాయంత కాయలకు కట్టాం. నేనెక్కిన స్టూలును ఆమే పట్టుకుంది. ఆ కాయలు ఇప్పుడు పండాయి, కోస్తే లోపల శుభ్రంగా ఉన్నాయి.

చెట్టు బతికిందని సంతోషమే. కానీ అత్తమ్మ నా గురించి ఏమనుకుందో తలచుకుంటే తల ఎత్తలేను. ఆమె అన్నం పెట్టినప్పుడల్లా, నేను చావాలని పోలేదు అత్తమ్మా అని చెప్పాలనిపిస్తుంది. చెప్పబోయి, ఇంకొంచెం కూర వెయ్యమంటాను.

ఇంత చెప్పినా నువ్వు వెళ్తే మాత్రం మందు అనే మాట ఎత్తకు. ముందు పండు చూపించు, తర్వాత నోరు తెరువు. దారి వేరే కాగితం మీద రాసుకుని ఈ ఉత్తరం కాల్చెయ్యి.