పాల్వంచలో ఒక సముద్రపు పువ్వు

కరోనా రెండో లాక్‌డౌన్ ఎత్తేసిన మరుసటి ఏడాది, ఎండాకాలంలో జరిగిన సంగతి ఇది. పాల్వంచలో నాకు అక్వేరియం దుకాణం ఉంది. ఇక్కడ గోల్డ్‌ఫిష్‌లు అమ్ముడుపోతాయి, కొత్త ఇంట్లోకి వాస్తు కోసమని అరవానా చేపలు అమ్ముడుపోతాయి. సముద్రం చూడాలంటే బస్సెక్కి రాత్రంతా కూర్చోవలసిన ఊళ్ళో సముద్రపు జీవులను పెంచుతానని ఎవరైనా వస్తే ముందు వద్దనే చెప్తాను. ఇలాగైతే దుకాణం ఎందుకు తెరిచినట్టని మా ఆవిడ దెప్పుతుంది.

శ్రీనివాస్ వద్దంటే వినే రకం కాదు. థర్మల్ స్టేషన్‌లో షిఫ్టు డ్యూటీ, కంపెనీ క్వార్టర్లో కాపురం. హాల్లో చిన్న రీఫ్ ట్యాంక్ పెట్టుకున్నాడు. అంటే ఉప్పునీటి తొట్టి. రాళ్ళ మధ్య చేపలు, నత్తలు, రొయ్య అన్నీ అందులో కలిసి బతకాలి. ఏడాది పాటు దాన్ని చక్కగా నడిపి, ఇక సీ అనిమోన్ తెప్పించమని నా ప్రాణం తోడేశాడు.

అనిమోన్ చూడ్డానికి పువ్వులా ఉంటుంది గానీ జంతువే. రాయిని పట్టుకుని కూర్చుని, వేళ్ళలాంటి టెంటకిల్స్‌ని నీళ్ళలో ఆడిస్తూ ఉంటుంది. ఎముక లేదు, పెంకు లేదు. అందుకే నీళ్ళలో ఏ తేడా వచ్చినా చేపలకంటే ముందు దానికే తెలుస్తుంది. తొట్టి కుదురుగా ఉందని నమ్మకం కలిగాకే తెప్పించాను. దించిన వారానికల్లా రెండు క్లౌన్ చేపలు దాన్ని ఇల్లు చేసుకున్నాయి.

ఏప్రిల్ ఎండల్లో శ్రీనివాస్ ఫోన్ చేశాడు. "అన్నా, అనిమోన్ ముడుచుకపోయింది. రంగు గూడ పోతాంది. జల్దీ రాయే."

వెళ్ళి చూస్తే నిజంగానే అరచేయంత ఉన్నది నిమ్మకాయంత అయింది. ముందు శాలినిటీ చూశాను, అంటే నీళ్ళలో ఉప్పు ఎంతుందో. సరిగానే ఉంది. వేడి సరిపోయింది, లైటు సరిపోయింది. చేపలు హుషారుగా తిరుగుతున్నాయి. కానీ నత్తలు అడుగున చచ్చి పడున్నాయి, రొయ్య జాడ లేదు. చేపలు బాగుండి మిగతావి పోతున్నాయంటే మా పనిలో మొదట అనుమానించేది రాగిని. చేపల రోగాలకు పోసే మందుల్లో అది ఉంటుంది. చేపలు తట్టుకుంటాయి, అనిమోన్ తట్టుకోలేదు.

"మందేమన్నా పోసినవా?" అని అడిగాను.

"ఒట్టన్నా, సుక్క పోయలే."

"నువ్వు గాక తొట్టిల చెయ్యి పెట్టేటోళ్ళు ఎవరున్నరు?"

"ఎవ్వల్లేరు. మా ఆమె పావని టీచరాయె, బడికి పోతది, నేను డ్యూటీకి పోత. ఇంట్ల అమ్మ ఒక్కతే ఉంటది."

అమ్మ అక్కడే, తొట్టి పక్కన కుర్చీలో కూర్చునుంది. పేరు సాయమ్మ. కారేపల్లి దగ్గర వాళ్ళ ఊరు. భర్త పోయాక కొడుకు దగ్గరికి వచ్చింది. ఆమెను నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

కాపర్ టెస్ట్ కిట్‌తో చూస్తే నీళ్ళ రంగు మారింది. రాగి ఉంది. పంపు విప్పాను, వైర్లు చూశాను, ఆర్వో మిషన్ చూశాను. ఎక్కడా రాగి ముక్క లేదు. నాకు చిర్రెత్తుకొచ్చింది. కొంత నీరు మార్చి, రేపొచ్చి అనిమోన్‌ను నా దుకాణంలోని ఉప్పునీటి తొట్టిలోకి మారుస్తానని చెప్పి వచ్చేశాను.

మర్నాడు పొద్దున బకెట్ పట్టుకుని వెళ్ళేసరికి తలుపు తీసే ఉంది. సాయమ్మ తొట్టి ముందు నిలబడి, చెంబుతో నీళ్ళు సన్నగా వంచుతోంది. చింతపండుతో తోమిన రాగి చెంబు, తళతళలాడుతోంది. బకెట్ కింద పెట్టేశాను.

"ఏం పోస్తున్నవ్ పెద్దమ్మా?"

"నీళ్ళే బిడ్డా. ఎండలకు దినాం తగ్గుతున్నయ్ గద. రాత్రి రాగి చెంబుల పోసిపెడ్త, పొద్దుగాల సగం నేను తాగుత, సగం దీనికి పోస్త. వాడు మిషన్ నీళ్ళు పోస్తడు, అండ్ల ఏం సత్తువుంటది? పువ్వు వాడిపోతాందని ఈ నడుమ ఇంకింత ఎక్కువ పోస్తున్న."

తొట్టిలో నీరు ఆవిరైతే ఉప్పు అక్కడే ఉండిపోతుంది. కాబట్టి ఆ లోటు మంచినీళ్ళతోనే పూడ్చాలి. దాన్ని టాప్-అప్ అంటాం. తెలిసి చేసినా తెలియక చేసినా, అంతవరకు ఆమె చేసింది సరైన పనే. కానీ ఉప్పులాగే రాగి కూడా ఆవిరి కాదు. రోజూ కొంచెం కొంచెంగా పేరుకుపోయింది. అనిమోన్ ముడుచుకున్నకొద్దీ ఆమె ఇంకాస్త పోసింది.

అంతలో శ్రీనివాస్ డ్యూటీ నుంచి వచ్చాడు. బయటికి తీసుకెళ్ళి చెప్పాను. వాడు తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు.

"అమ్మకు చెప్పకన్నా. నాయిన పోయినంక ఎవ్వలతోని సరిగ మాట్లాడలే. ఆ పువ్వు ముందర కూసుంటెనే నాలుగు మాటలు మాట్లాడతది. తన చేతుల్తోనే దాని పాణం తీస్తున్ననని తెలిస్తే మల్ల మంచం పడతది. తొట్టి జోలికి పోవద్దని నేనే ఏదో ఒకటి చెప్త."

నాకూ అదే మంచిదనిపించింది. ఇద్దరం ఏమీ ఎరగనట్టు మొహాలు పెట్టుకుని లోపలికి వచ్చాం. అనిమోన్‌ను రాయితో సహా బకెట్లోకి దించుతుంటే సాయమ్మ నా పక్కకొచ్చి నిలబడింది.

"నా నీళ్ళతోనేనా బిడ్డా?"

శ్రీనివాస్ నావైపు చూశాడు. అబద్ధం నోటిదాకా వచ్చింది. కానీ ఆమె కళ్ళు నా మొహం మీదే ఉన్నాయి, ఆ అబద్ధం ఆడలేకపోయాను.

"అవ్ పెద్దమ్మా. రాగి మనకు పడ్తది, దానికి పడదు. ఆ ముచ్చట నీకు చెప్పినోళ్ళు లేరు."

ఆమె కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. కొంగుతో ఒత్తుకుంది. కొడుకు "ఊకో అమ్మా, నీకెందుకు గిదంత" అంటున్నా వినిపించుకోలేదు.

"బతుకుతదా?"

"చెప్పలేను. నా దగ్గర పెట్టుకొని చూస్త."

బకెట్లోకి వంగి చూసింది. తర్వాత అడిగింది. "మరి ఇంట్ల తొట్టి ఉన్నది గద. దాంట్ల రేపటి సంది ఏ నీళ్ళు పోయాలె?"

ఆ ప్రశ్న వస్తుందని నేనూ అనుకోలేదు, వాళ్ళబ్బాయీ అనుకోలేదు. ఆర్వో నీళ్ళ క్యాన్ చూపించాను, ప్లాస్టిక్ మగ్గు ఇచ్చాను, నీరు ఎక్కడిదాకా ఉండాలో అద్దం మీద గీత గీశాను. రాగిని పీల్చుకునే ప్యాడ్ ఫిల్టర్లో పెట్టాను. ఆ ఎండాకాలమంతా నీళ్ళు మారుస్తూనే ఉన్నాం. ఇల్లు కదలని మనిషి, ఆటో ఎక్కి నా దుకాణానికి వచ్చి, స్టూల్ వేసుకుని, అనిమోన్ ముందు కూర్చుని పోయేది. వచ్చిపోయే వాళ్ళకు అది పువ్వు కాదని, జంతువని నాకంటే వివరంగా చెప్పేది. నాకు నవ్వూ వచ్చేది, సంతోషమూ కలిగేది.

అనిమోన్ బతికింది. పాత సైజు రాలేదు గానీ రంగు తిరిగింది, వేళ్ళు విప్పింది. వానలు పడ్డాక, ఇంట్లోని తొట్టిలో రాగి లేదని పరీక్షలో తేలాక తీసుకెళ్ళాను. అంతకుముందే దుకాణంలో, కొత్తగా వచ్చిన చేపలను నీళ్ళు కొద్దికొద్దిగా కలుపుతూ తొట్టికి ఎలా అలవాటు చేయాలో సాయమ్మ నా దగ్గర చూసి ఉంది.

ఇప్పుడు ఏ ఇంటికి వెళ్ళినా, తొట్టి కొన్నవాళ్ళతో పాటు పగలంతా ఇంట్లో ఉండే మనిషిని కూడా కూర్చోబెట్టి మాట్లాడతాను. తప్పు జరిగితే వాళ్ళకే నేరుగా చెప్తాను. ఆ రోజు దాచిపెట్టి ఉంటే సాయమ్మ బాధైతే తప్పేది గానీ, ఆ ఇంట్లో ఆమెకున్న ఒక్క పనీ పోయేది.

అనిమోన్ తిరిగి వచ్చిన రోజు శ్రీనివాస్ ఆత్రంగా బకెట్లో చెయ్యి పెట్టబోయాడు. సాయమ్మ వాడి మణికట్టు పట్టుకుని ఆపింది.

"ఆగురా. నువ్వు డ్యూటీకి పో. దీని సంగతి నాకు తెలుసు."