మిగిలిన ఎనిమిది మాత్రలు

ఆ రోజుల్లో ఆమదాలవలసలో మా ఇంటికి ఏ కబురైనా ముందుగా మోసుకొచ్చేది గొడుగక్కే. ఎండైనా వానైనా చంకలో నల్ల గొడుగుతో ఇల్లిల్లూ తిరిగే ఆశా కార్యకర్త ఆవిడ. బిడ్డకూ బిడ్డకూ మధ్య ఎడం ఉండడానికి మాత్రలుంటాయని, ప్రభుత్వాసుపత్రిలో అవి ఊరికే ఇస్తారని నాకు మొదట చెప్పిందీ ఆవిడే. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు, చంకలో పది నెలల పాప. బడి గడప తొక్కినదాన్ని కాదు. మా నాన్నగారే ఇంట్లో కూర్చోబెట్టి అక్షరాలూ, ఎక్కాలూ, స్తోత్రాలూ నేర్పారు. ఆ చదువులో ఈ పాఠం లేదు (ఉంటే పాపం ఆయన ఏ ముఖంతో చెప్పేవారో). కాన్పులో రక్తం చాలా పోయి, ఇద్దరం దేవుడి దయవల్ల బయటపడ్డాం. "మూడేళ్ళ దాకా మళ్ళీ కాన్పు మాట వద్దు, నీ ఒళ్ళు తట్టుకోదు" అని డాక్టరమ్మ గట్టిగా చెప్పి పంపారు. పాపా నేనూ బతికినందుకు సోమవారాలూ శనివారాలూ ఉపవాసం ఉంటానని నేను మొక్కుకున్నాను.

గొడుగక్క నన్ను మా కొట్టు వెనక బియ్యం బస్తాల గదిలోకి లాక్కెళ్ళి, మాత్రల అట్ట నా కొంగులో కుక్కింది. "మెల్లిగా మాటాడు, మీ అత్త ఇంటాది. రాత్రి అన్నం తిన్నాక ఒకటి మింగీ. మర్సిపోకు తల్లీ" అంది. మా వారికి చెబితే గోడమీది క్యాలెండరు వైపు చూస్తూ తలూపారు. నేను చెప్పిన మాట తు.చ. తప్పకుండా పాటించే రకాన్ని. అన్నం తిన్న ప్రతి రాత్రీ ఒకటి మింగాను. ఉపవాసం నాడు పాలూ అరటిపండే కాబట్టి మాత్ర జోలికి పోలేదు. నాలుగు వారాలు తిరిగి ఆవిడ కొత్త అట్ట తెచ్చేసరికి, మిగిలిన ఎనిమిదింటినీ పాత అట్టతో సహా భద్రంగా కాగితంలో చుట్టి ఆవిడ చేతిలో పెట్టాను. "ఇవి వాడలేదక్కా, ఎవరైనా లేనివాళ్ళకిద్దురూ" అన్నాను. సర్కారు సొమ్ము ఆదా చేశానన్న తృప్తి కూడా కొంచెం ఉందనుకోండి.

ఆవిడ అట్ట చూసింది, నన్ను చూసింది, బస్తా మీద కూలబడింది.

"ఇవెలాగ మిగిలినాయి తల్లీ?"

"ఉపవాసాలక్కా. ఆ రోజు అన్నం తిననుగా."

"ఓలమ్మ, నీ బక్తి బంగారం గాను. నెల ఎప్పుడు రావాల?"

"ఆరు రోజులు దాటింది. మాత్రల గుణమేమో అనుకున్నాను."

ఆవిడ సంచిలోంచి పరీక్ష కిట్టు తీసింది. పాపను ఎవరు పెంచుతారన్న ఆలోచన దాకా వెళ్ళిపోయాను. పెరటివైపు తిరిగేసరికి గుమ్మం నిండా మా అత్తగారు.

"ఏటే, బస్తాల గదిలో ఇద్దరూ గుసగుసలు? ఎలకల్లాగ."

గొడుగక్క దాచలేదు, మొదటినుంచీ చెప్పేసింది. మా వీధంతా జడిసే మా అత్తగారు పాపను నా చంకలోంచి తీసుకుని, "ఎల్లు, సూసుకునొచ్చీ" అన్నారు. నేను వచ్చేసరికి అత్తగారి పెదవులు కదులుతున్నాయి.

"ఒక గీతే," అంది గొడుగక్క వెలుగులోకి పట్టి చూసి. "బతికిపోయినావు. వారం ఆగి మళ్ళీ సూద్దాం. రేపు డాక్టరమ్మ కాడికెల్లి, ఆవిడ సెప్పినట్టు కొత్తగా మొదలెడదాం. ఉపాసమైనా మాత్ర ఆపకూడదు."

"మాత్రేటి, ఉపాసమే ఒద్దు," అన్నారు మా అత్తగారు. "ఒంట్లో రగతం నేదు, ఉపాసాలట. నాను ఆరుగుర్ని కన్నాను. ఎడమెట్టుకోవచ్చని ఎవులూ సెప్పనేదు, నానూ అడగనేదు."

"మొక్కుకున్నాను కదత్తయ్యా," అన్నాను ఏడుపు గొంతుతో.

"ఐతే సోమారం, శనారం నాను ఉంటాను. నువ్వు తిని మాత్ర మింగు."

"నా మొక్కు మీరు తీరిస్తే దేవుడు ఒప్పుకుంటాడా?"

"ఆయనకి మనిల్లు తెలుసు. ఎవులు తిన్నారో ఎవులు మానీసినారో లెక్కెట్టుకుని కూకుంటాడేటి?"

ఎనిమిదింటికల్లా ఇడ్లీ పడకపోతే కొట్లో బేరాలన్నీ చెడగొట్టే మనిషి ఆవిడ. అటువంటిది మూడేళ్ళు నా ఉపవాసాలు ఉన్నారు. తిరగమోత వాసన వస్తే చాలు, వీధి అరుగు మీదనుంచి కేక. "ఒసే, నీ పున్నెవంతా నాకే పోతంది, సూసుకో." నేను గట్టిగా అరిచి ఒప్పుకునేదాన్ని. గొడుగక్క అన్నట్టే వారం ఆగి చేసిన పరీక్షలోనూ ఒక గీతే వచ్చింది. నాలుగో ఏట, ఒంట్లో రక్తం పట్టాక, మా బాబు ఏ గండమూ లేకుండా పుట్టాడు.

మాత్రలను కాగితంలో చుట్టి దానమిచ్చిన ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. కోప్పడదామంటే మనసు రాదు. అత్తగారు నిరుడు వెళ్ళిపోయారు. మీలో సోమవారం ఉపవాసం ఉండేవాళ్ళుంటే, విడిచేటప్పుడు తొలి ముద్ద దగ్గర ఆవిడను ఒక్కసారి తలుచుకోండి. ఆవిడకు ఆకలి చాలా ఎక్కువ.