కెమెరాకు కట్టిన బెండ్లు

ఏలూరులో ఆకివీడు బస్సెక్కాక నా కొత్త కెమెరాను ఎన్నిసార్లు ఆన్ చేశానో నాకే తెలియదు. బటన్ నొక్కితే చాలు, అరచేతిలో ఇమిడిపోయే ఆ వెండిరంగు డబ్బీలోంచి లెన్స్ తాబేలు తలలా బయటికొచ్చేది. కొల్లేరులో గూడబాతులను తీయాలని ఒకటే ఆరాటం.

పక్క సీట్లో ఒక పెద్దావిడ వలను నీళ్లపై తేల్చే బెండ్ల సంచి ఒళ్లో పెట్టుకుని నన్నే చూస్తోంది.

"ఇది నీళ్లలో పడితే తేలుద్దా అమ్మా?"

"తేలదండీ."

"మరి బెండు లేకుండా పడవెలా ఎక్కుతావు?"

కెమెరా తీసుకుని, దాని చేతితాడుకు రెండు బెండ్లు దారంతో కట్టి, పంటితో ముడి బిగించింది. బటన్‌కు ఆవిడ వేలు తగిలి ఫ్లాష్ వెలిగితే ఇద్దరం నవ్వుకున్నాం. అంత అందమైన కెమెరాకు ఇవేం నగలు, దిగగానే విప్పేద్దామనుకుని, ఆ హడావుడిలో మరిచిపోయాను.

కొల్లేరులో మా పడవ దగ్గరవుతూనే గూడబాతులు గుంపుగా లేచాయి. నేనూ లేచి గబగబా నాలుగు ఫొటోలు తీశాను. తాడు చేతికి వేసుకోలేదేమో, కెమెరా జారి నీళ్లలో పడింది. బెండ్లు దాన్ని మునగనివ్వలేదు. పడవాయన గెడతో దగ్గరికి లాగి అందించాడు.

కెమెరా మళ్లీ పనిచేయలేదు. అడుగున ఉన్న చిన్న మూత తీసి, మెమరీ కార్డు ఆరబెట్టి చూస్తే ఫొటోలన్నీ ఉన్నాయి. పక్షులన్నీ మసకే. ఒక్కటి మాత్రం స్పష్టంగా వచ్చింది. పంటి కింద దారం పట్టుకుని, ముడి ఊడుతుందేమోనని లాగి చూస్తున్న ఆవిడ ముఖం.